జోన్ వచ్చింది సరే, ఆ తర్వాత? మట్టి సూక్ష్మజీవులతో ప్రాజెక్ట్ చేసేవాళ్లకి

మట్టి బ్యాక్టీరియా మీద చేసే ఎమ్మెస్సీ ప్రాజెక్టులు చాలా మటుకు ఒకే చోట ఆగిపోతున్నాయి. ప్లేట్ మీద జోన్ (మన సూక్ష్మజీవి చుట్టూ వేరే బ్యాక్టీరియా పెరగకుండా మిగిలే ఖాళీ వలయం) వచ్చింది, స్కేలు పెట్టి కొలిచారు, ఫొటో తీశారు, అంతే. అసలు సంగతి అక్కడే మొదలవుతుంది: పక్క బ్యాక్టీరియాని ఆపేసే ఆ మందుని ఆ సూక్ష్మజీవి ఎలా తయారుచేస్తోంది? అక్కడిదాకా వెళ్లాలనుకునే వాళ్ల కోసం ఇది రాస్తున్నాను.

ముందు మట్టి. శేషాచలం పక్కనే ఉంది కదా అని వెళ్లి తవ్వుకొచ్చేయకండి, అటవీశాఖ అనుమతి లేకుండా అక్కడినుంచి ఏదీ తీసుకోకూడదు. ఆ అవసరం కూడా లేదు. చిత్తూరు వైపు ఏ మామిడితోటలోనో శెనక్కాయల చేలోనో రైతుని అడిగి, పైమట్టి పక్కకి తోసి బెత్తెడు లోతునుంచి గుప్పెడు తీసుకుంటే చాలు. మనం వెతికేది స్ట్రెప్టోమైసిస్ అనే మట్టి బ్యాక్టీరియాని. తొలకరి చినుకులకి వచ్చే మట్టివాసనలో ఉండే జియోస్మిన్‌ని తయారుచేసేవాటిలో ముఖ్యమైనవి ఇవే. 1943లో వాక్స్‌మన్ ల్యాబ్‌లో ఆల్బర్ట్ షాట్జ్ క్షయ మందు స్ట్రెప్టోమైసిన్‌ని తీసింది వీటిలోంచే. మన యల్లాప్రగడ సుబ్బారావు గారు పరిశోధనలకి పెద్దగా ఉన్న లెడర్లీ అనే అమెరికా మందుల కంపెనీలో బెంజమిన్ డగ్గర్ కనిపెట్టగా 1948లో బయటికొచ్చిన ఆరియోమైసిన్ అనే యాంటీబయాటిక్ కూడా వీటిదే.

మట్టిని వారం పాటు నీడన ఆరబెట్టండి, మామూలు బ్యాక్టీరియా చాలావరకు పోతుంది, వీటి స్పోర్లు (విత్తనాల్లాంటివి) తట్టుకుంటాయి. తర్వాత స్టెరైల్ సెలైన్‌లో వెయ్యో వంతు నుంచి లక్షో వంతు దాకా పలచన చేసి, స్టార్చ్ కేసిన్ అగార్ అనే మీడియంలో (వీటిని పెంచే తిండిలో) బూజు రాకుండా నిస్టాటిన్ కలిపి, దాని మీద పరచండి. 28 డిగ్రీలు ఉండాలి, మన ఎండాకాలంలో ప్లేట్లు బల్ల మీద వదిలేస్తే కుదరదు, చల్లబరిచి ఒకే వేడి నిలబెట్టే బీఓడీ ఇంక్యుబేటర్‌లోనే పెట్టండి. మూడో రోజుకే ఏమీ రాలేదని టెన్షన్ పడి పారేయకండి, ఒక్కోసారి రెండు వారాలు పడుతుంది. కాలనీ చిన్నగా, గట్టిగా, పైన సుద్దపొడి చల్లినట్టు ఉంటుంది, లూప్‌తో గీస్తే ఊడిరాదు, అగార్‌లోకి వేళ్లు దించినట్టు పట్టుకుని ఉంటుంది.

దాన్ని శుద్ధంగా పెంచి, అగార్ ముక్క కోసి, బాసిల్లస్ సబ్టిలిస్ అనే పరీక్ష బ్యాక్టీరియా పరిచిన ప్లేట్ మీద పెడితే జోన్ తెలుస్తుంది. ఒక్క మీడియంలో చూసి ఏమీ లేదని తేల్చేయొద్దు, మూడు నాలుగింటిలో పెంచి చూడండి. 2002లో స్ట్రెప్టోమైసిస్ సీలికలర్ జీనోమ్ చదివినప్పుడు ఇలాంటి పదార్థాలు తయారుచేసే జీన్ల గుంపులు ఇరవైకి పైగా కనిపించాయి, అప్పటికి దాన్నుంచి మనకి తెలిసిన పదార్థాలు మాత్రం కొన్నే. అంటే చాలావరకు నిద్రలో ఉంటాయి, తిండి మారిస్తే కొన్ని లేస్తాయి.

జోన్ వస్తే దాన్ని బ్రాత్‌లో (ద్రవ మీడియంలో) పెంచి, అందులోని పదార్థాన్ని ఇథైల్ ఎసిటేట్‌తో తీసి ఎల్‌సీ-ఎంఎస్‌కి (పదార్థాలని విడదీసి వాటి అణుభారం కొలిచే మెషిన్‌కి) పంపండి. పసుపు, నారింజ రంగు వచ్చి మాస్ 1255 దగ్గర తేలితే అది బహుశా ఆక్టినోమైసిన్ డి అనే పాత మందు. ఆక్టినోమైసిన్ 1940 నుంచీ తెలిసిందే, దాని మీద ఏడాది పోగొట్టుకోకండి. తిరుపతిలో ఎస్వీయూ (శ్రీవేంకటేశ్వర యూనివర్సిటీ), ఐజర్ (కేంద్ర సైన్స్ విద్యాసంస్థ) రెండూ ఉన్నాయి, మీ కాలేజీలో మెషిన్ లేకపోతే ముందే మెయిల్ రాసి శాంపిల్ వివరాలు చెప్పి అడగండి.

ఇక ఎలా తయారవుతోంది అనే ప్రశ్న. జీనోమ్ సీక్వెన్స్ చేయించి యాంటీస్మాష్ అనే సాఫ్ట్‌వేర్‌లో వేయండి, ఉచితమే, ఏ గుంపు ఏ రకం పదార్థం చేస్తుందో అంచనా చెబుతుంది. ఎరిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్ తయారీ చూడండి: మూడు పెద్ద ప్రొటీన్లు, వాటిలో ఆరు మాడ్యూళ్లు (ఒక్కో పని చేసే భాగాలు), తిరుమల క్యూ కాంప్లెక్స్‌లో ఒక కంపార్ట్‌మెంట్ నుంచి ఇంకోదానికి పంపినట్టు, పెరుగుతున్న గొలుసుని ఒక మాడ్యూల్ తన వంతు ముక్క కలిపి తర్వాతి దానికి అందిస్తుంది, చివర్లో గొలుసు చుట్టుకుని రింగ్ అవుతుంది. కానీ యాంటీస్మాష్ చెప్పింది అంచనా మాత్రమే, దాన్నే రుజువు అని థీసిస్‌లో రాయకండి. ఆ జీన్‌ని తీసేస్తే ఎల్‌సీ-ఎంఎస్‌లో ఆ పదార్థపు పీక్ (గ్రాఫ్‌లో దాని శిఖరం) మాయమవ్వాలి, తిరిగి పెడితే పీక్ తిరిగి రావాలి, అప్పుడే రుజువైనట్టు. దానికి టైం చాలకపోతే కార్బన్-13 (గుర్తుపట్టగలిగే బరువైన కార్బన్) ఉన్న ఎసిటేట్‌ని దానికి తినిపించి, ఏ కార్బన్ ఎక్కడ చేరిందో ఎన్‌ఎంఆర్‌లో (అణువు నిర్మాణం చూపే పరీక్షలో) చూడొచ్చు, అది కూడా గట్టి ఆధారమే.

ఇంకొకటి, చాలామంది పట్టించుకోనిది. మంచి కాలనీ దొరికిన రోజే 20 శాతం గ్లిసరాల్‌లో మైనస్ 80 డిగ్రీల ఫ్రీజర్‌లో దాచండి. వీటి క్రోమోజోమ్ పొడుగ్గా, రెండు కొసలతో ఉంటుంది, ప్లేట్ నుంచి ప్లేట్‌కి మారుస్తూ పోతే ఆ కొసలు తెగిపోయి మందు తయారుచేయడమే మానేసే ప్రమాదం ఉంది. సుద్దపొడిలా ఉండాల్సిన కాలనీ బోడిగా నున్నగా కనిపిస్తే దాన్ని ఆటోక్లేవ్‌లో వేసేసి, స్టాక్‌లోంచి కొత్తగా తీసుకోండి.