బ్యాట్ బాల్ లెక్కలో ఇంపల్స్ ఎలా, వర్క్ ఎలా

ఇంటర్ ఫస్టియర్ ఫిజిక్స్‌లో ఈ లెక్క దగ్గర చాలామంది ఒకే చోట బోల్తా పడతారు, ఇంపల్స్‌కి (బరువుని వేగంలో వచ్చిన మార్పుతో గుణిస్తే వచ్చేది) చేసిన తీసివేతే వర్క్‌కి కూడా చేసేస్తారు. ఒక్క లెక్క పూర్తిగా చేద్దాం, తేడా అదే తెలుస్తుంది.

బాల్ 160 గ్రాములు (మగవాళ్ల క్రికెట్ బాల్ 156 నుంచి 163 మధ్యలో ఉంటుంది), బ్యాట్ దగ్గరికి గంటకి 108 కిలోమీటర్ల స్పీడ్‌తో వచ్చింది, బ్యాటర్ దాన్ని తిన్నగా బౌలర్ వైపే 144తో బాదాడు. ముందు 5 తో గుణించి 18 తో భాగించండి, సెకనుకి 30 మీటర్లు, 40 మీటర్లు వస్తాయి, బరువేమో 0.16 కేజీలు.

ఇప్పుడు దిక్కు. బాల్ తిరిగి వెళ్లే వైపు ప్లస్ అనుకుంటే వచ్చేటప్పుడు మైనస్ 30, కాబట్టి మార్పు 10 కాదండీ, 70! ఇంపల్స్ 0.16 × 70 = 11.2 న్యూటన్ సెకన్లు. బ్యాట్‌కి బాల్ తగిలి ఉండేది సుమారు 0.001 సెకను అనుకుంటే సగటు ఫోర్స్ 11,200 న్యూటన్లు, అంటే ఒక టన్నుకి పైగా బరువు మీద పెట్టినట్టే.

ఇంత ఫోర్స్ ఉంటే వర్క్ కూడా బోలెడు ఉంటుందనుకుంటాం కదా, ఉండదు. వర్క్ అంటే గతిజ శక్తిలో (కదలిక వల్ల ఉండే శక్తి, బరువులో సగం × స్పీడ్ వర్గం) మార్పు, అక్కడ స్పీడ్‌ని వర్గం చేస్తాం కాబట్టి మైనస్ గుర్తు ఎగిరిపోతుంది. 0.08 × (1600 − 900) = 56 జౌల్స్, అంతే. ఎందుకింత తక్కువంటే బ్యాట్ ముందు బాల్‌ని ఆపాలి, అది మైనస్ 72 జౌల్స్, ఆ తర్వాత వెనక్కి తోలాలి, అది ప్లస్ 128. నమ్మకం కుదరకపోతే ఇంకో దారిలో చూడండి, ఫోర్స్ మొదట్నుంచి చివరిదాకా ఒకేలా ఉందనుకుంటే సగటు వేగం (−30 + 40)/2 = 5, ఆ 0.001 సెకనులో బాల్ ముందుకి జరిగింది 5 మిల్లీమీటర్లే, 11,200 × 0.005 చేస్తే మళ్లీ అదే 56.

వచ్చిన స్పీడ్‌తోనే వెనక్కి వెళ్తే? ఇంపల్స్ 9.6, వర్క్ సున్నా. ఎగ్జామ్‌లో అడిగేది ఎక్కువగా ఇదే.

క్యాచ్ లెక్కయితే చివరి స్పీడ్ సున్నా. అదే 30 మీటర్ల స్పీడ్‌లో వచ్చే బాల్‌కి ఇంపల్స్ 4.8, ఆపాల్సిన శక్తి 72 జౌల్స్, చేతులు ఎలా పెట్టినా ఈ రెండూ మారవు. చేతులు బిగబట్టి 6 సెంటీమీటర్లలో ఆపితే 1200 న్యూటన్లు, 60 సెంటీమీటర్లు వెనక్కి లాగుతూ పడితే 120. గల్లీ క్రికెట్‌లో వేళ్లు వాచినవాళ్లకి ఈ పార్ట్ వేరే చెప్పక్కర్లేదు 😄

బాల్ పక్కకి తిరిగితే మాత్రం మామూలు తీసివేత పనికిరాదు, వెక్టార్ లెక్క చెయ్యాలి. 0.15 కేజీల బాల్ 15 మీటర్ల స్పీడ్ మారకుండా 45 డిగ్రీలు పక్కకి మళ్లిందనుకోండి, మళ్లిన కోణంలో సగం తీసుకుని 2 × 0.15 × 15 × సైన్ 22.5 చేస్తే ఇంపల్స్ సుమారు 1.7 వస్తుంది. కానీ వచ్చిన దారికీ వెళ్లిన దారికీ మధ్య 45 డిగ్రీలని ప్రశ్నలో ఉంటే సైన్ బదులు కాస్ వెయ్యాలి, అప్పుడు 4.2. కాబట్టి బొమ్మ గీసుకున్నాకే ఫార్ములా ముట్టుకోండి. వర్క్ మాత్రం రెండిట్లోనూ సున్నానే.