హెర్2 స్లైడ్ చదవడం – 3వ పాఠం: స్కోర్ వేయడం

పోయిన పాఠంలో సెక్షన్ (కణజాలపు పలుచటి పొర) మీద, హెర్2 అనే ప్రోటీన్‌ని (కొన్ని రొమ్ము క్యాన్సర్లలో కణం పొర మీద ఎక్కువగా ఉంటుంది) పట్టుకునే యాంటీబాడీ వేసి, డీఏబీతో గోధుమ రంగు తెప్పించి, హెమటాక్సిలిన్‌తో కేంద్రకాలకు నీలం పట్టించి కవర్‌స్లిప్ పెట్టేశాం కదా, ఇవాళ ఆ స్లైడ్‌కి స్కోర్ వేద్దాం. రొమ్ము క్యాన్సర్ పేషెంట్‌కి, హెర్2ని గురిపెట్టే ట్రాస్టుజుమాబ్ అనే మందు ఇవ్వాలా వద్దా అన్నది ఈ స్కోర్ మీదే ఆధారపడి ఉంటుంది. 1998లో అమెరికాలో ఆ మందుతోపాటే ఈ టెస్టుకీ అనుమతి ఇచ్చారంటే, టెస్టు లేకుండా మందు లేదన్నమాట.

స్లైడ్ చేతికి రాగానే ట్యూమర్ దగ్గరికి పరిగెత్తకండి. ముందు కంట్రోల్ స్లైడ్ చూడండి, పాజిటివ్ అని మనకి ముందే తెలిసిన ముక్క ముదురుగా, నెగటివ్ ముక్క ఖాళీగా ఉండాలి. తర్వాత రిక్వెస్ట్ ఫారం. ఆపరేషన్ థియేటర్లో కణజాలం తీసిన గంటలోపు ఫార్మలిన్‌లో (కణజాలం పాడవకుండా ఉంచే ద్రవం) పడిందా, అందులో 6 గంటలకి తగ్గకుండా 72 గంటలు దాటకుండా ఉందా? ఇక్కడో మెలిక ఉంది. శనివారం సాయంత్రం తీసిన పెద్ద ముద్దని కోయకుండా అలాగే డబ్బాలో వేసి సోమవారం గ్రాసింగ్‌కి (పరీక్షించి ముక్కలు కోయడానికి) తీశారనుకోండి, కాగితం మీద గంటల లెక్క సరిపోతుంది, కానీ ఫార్మలిన్ లోపలికి చాలా నెమ్మదిగా దిగుతుంది, అది నడిమికి చేరేలోపు అక్కడి ప్రోటీన్ పాడైపోతుంది. అలాంటి ముద్దని అదే రోజు పలుచగా కోసి ఫార్మలిన్‌లో పెట్టాల్సిందే. నన్నడిగితే తప్పుడు రిపోర్టులు మైక్రోస్కోప్ దగ్గరకంటే ఈ డబ్బా దగ్గరే ఎక్కువ పుడతాయి.

సరే, ఇప్పుడు మైక్రోస్కోప్. స్కోర్ సున్నా, 1 ప్లస్, 2 ప్లస్, 3 ప్లస్ అని నాలుగు రకాలు, 3 ప్లస్ అంటే పాజిటివ్. చాలామంది కొత్తవాళ్లు నేరుగా 40ఎక్స్ పెట్టేస్తారు, దాంతో ప్రతి గీతా ముదురుగానే కనిపించి స్కోర్ పెరిగిపోతుంది. 4ఎక్స్ లేదా 5ఎక్స్‌తో మొదలుపెట్టండి. అక్కడే కణం చుట్టూ గోధుమ రంగు గీత కొట్టొచ్చినట్టు కనిపిస్తే అది బహుశా 3 ప్లస్. 10 లేదా 20ఎక్స్‌కి వెళ్తే తప్ప తెలియకపోతే 2 ప్లస్ వైపు, 40 పెడితేనే కనిపిస్తే 1 ప్లస్ వైపు. ఇది అంచనాకి పనికొచ్చే చిట్కా మాత్రమే, అసలు నిర్వచనం వేరే.

మనం చూసేది కణం పొర మీది రంగునే, లోపల సైటోప్లాజంలో ఎంత గోధుమ రంగు ఉన్నా లెక్కలోకి రాదు. పొర చుట్టూ తెగకుండా, ముదురుగా, 10 శాతం కంటే ఎక్కువ ట్యూమర్ కణాల్లో ఉంటే 3 ప్లస్ (కోళ్ల ఫారం కంచె వలలా ఉంటుంది, ఒకసారి చూస్తే మర్చిపోరు). చుట్టూ పూర్తిగానే ఉండి రంగు మాత్రం లేతగానో మధ్యరకంగానో 10 శాతం పైన కణాల్లో ఉంటే 2 ప్లస్. ముదురుగా, పూర్తిగా ఉన్నా అలాంటివి 10 శాతం దాటకపోతే అదీ 2 ప్లస్సే. గీత తెగిపోతూ, ఉందా లేదా అన్నంత లేతగా 10 శాతం పైన కణాల్లో ఉంటే 1 ప్లస్. ఆ లేత రంగు కూడా 10 శాతం దాటకపోయినా, అసలు లేకపోయినా సున్నా.

లెక్కపెట్టేది బయటికి పాకిన క్యాన్సర్ కణాలని మాత్రమే. నాళం గోడ దాటని డీసీఐఎస్ తరచూ మహా ముదురుగా పట్టి కన్ను లాగేస్తుంది, దాన్ని వదిలేయండి. సెక్షన్ అంచుల్లో, నలిగిన చోట కనిపించే రంగునీ నమ్మకండి. పక్కనున్న మామూలు నాళాల కణాలే గట్టిగా గోధుమ రంగు పట్టాయంటే స్టెయినింగే తప్పు, మళ్లీ చేయాలి.

2 ప్లస్ వస్తే పాజిటివూ కాదు నెగటివూ కాదు, ఫిష్ (జన్యువుల్ని మెరిసే చుక్కలుగా చూపించే టెస్టు) చేయాలి. కనీసం 20 కణాల్లో హెర్2 జన్యువు చుక్కల్ని, 17వ క్రోమోజోమ్ చుక్కల్ని లెక్కపెట్టి, నిష్పత్తి 2 లేదా ఆపైన, సగటున కణానికి హెర్2 చుక్కలు 4 లేదా ఆపైన ఉంటే పాజిటివ్. చాలా ల్యాబుల్లో ఫిష్ ఉండదు, బ్లాక్‌ని (కణజాలం పొదిగిన మైనం ముక్క) పెద్ద సెంటర్‌కి పంపాలి, ఖర్చు, ఎదురుచూపు, ఇంట్లోవాళ్ల టెన్షన్ అన్నీ ఉంటాయి. అయినా వాళ్ల మీద జాలితో 2ని 3 చేయకండి, ఎందుకంటే ట్రాస్టుజుమాబ్ గుండె మీద ప్రభావం చూపించగలదు, అవసరం లేనివాళ్లకి ఆ రిస్క్ దేనికి?

ఒకప్పుడు సున్నా, 1 ప్లస్ రెండూ నెగటివే కాబట్టి ఎవరూ పెద్దగా పట్టించుకునేవాళ్లు కాదు. 2022లో ట్రాస్టుజుమాబ్ డెరక్స్‌టెకాన్ అనే మందుకి, శరీరంలో పాకిన క్యాన్సర్‌లో 1 ప్లస్ వాళ్లకీ, ఫిష్ నెగటివ్ వచ్చిన 2 ప్లస్ వాళ్లకీ అమెరికాలో అనుమతి వచ్చాక కథ మారిపోయింది. ఇప్పుడు ఆ లేత గీత కోసం 40ఎక్స్‌లో ఓపిగ్గా వెతకాల్సిందే, అనుమానం వస్తే పక్కవాళ్లకి చూపించాల్సిందే.

అభ్యాసం. మొదటి స్లైడ్: 8 శాతం కణాల్లో ముదురుగా పూర్తి గీత, 30 శాతంలో మధ్యరకం పూర్తి గీత. రెండోది: డీసీఐఎస్ అంతా ముదురు, బయటికి పాకిన కణాల్లో 40 శాతం తెగిన లేత గీత. మూడోది: ట్యూమర్‌లో 60 శాతం ముదురు, పక్కన మామూలు నాళాలూ అంతే ముదురు. స్కోర్లు కాగితం మీద రాసి పెట్టుకోండి, ఒకదానికి మాత్రం స్కోరే వేయకూడదు. జవాబులు 4వ పాఠం మొదట్లో.