తవ్వకంలో పొరలు చదవడం – 4వ పాఠం: లోతు వేరు, వయసు వేరు

పోయిన పాఠంలో పోలండ్‌లోని క్రాకో ఊరి చౌరస్తాలో తవ్విన గోతి గోడ మీద కనిపించే పొరల బొమ్మ ఇచ్చి, అందులోని ఏడు నంబర్లను పాతదాని నుంచి కొత్తదాని దాకా వరుస పెట్టమన్నాను. జవాబులు చాలావరకు ఒకే చోట తప్పాయి. 3వ నంబరు మట్టిని, సమాధి కంటే పాతదని రాశారు. కారణం అడిగితే "అది ఇంకా లోతులో ఉంది కదా" అన్నారు. అందుకే ఈసారి మొదలుపెట్టాల్సిన నాణేల పాఠాన్ని ఆపి, ముందు దీన్ని తేల్చుకుందాం.

బొమ్మలో ఏముంది? రాళ్లు పరిచిన నేల 1. దాన్ని పగలగొట్టి దింపిన నేలమాళిగ గొయ్యి 2, ఆ గొయ్యిని నింపిన మట్టి 3. రాళ్ల కింద కాలిన పొర 4. దాని కింద సమాధిని పూడ్చిన మట్టి 5, సమాధి గొయ్యి 6, అట్టడుగున ఇసుక 7. గోడ బొమ్మ మన సాధన కోసం గీసిందే గానీ, క్రమం మాత్రం ఆ ఊరిదే: 11వ శతాబ్దపు శ్మశానం, 1241లో మంగోలుల దాడి, 1257 పట్టణ శాసనంతో ఏర్పడిన చౌరస్తా, ఆ తర్వాత శతాబ్దాల అంగళ్లు. అక్కడ 2005లో మొదలైన తవ్వకం ఏళ్లపాటు సాగింది. 2010లో ఆ నేల కిందే మ్యూజియం తెరిచారు.

లోతు కొలత ఆ మట్టి ఇప్పుడు ఎక్కడుందో మాత్రమే చెబుతుంది. అది ఎప్పుడు వచ్చిందో తెలియాలంటే రెండే అడగాలి: ఏది దేన్ని కోసింది? ఏది దేన్ని కప్పింది? మీ వీధిలో మొన్న వేసిన బోరు వందల అడుగులు దిగి ఉంటుంది. అంతమాత్రాన అందులో పడిన ప్లాస్టిక్ మూత రాతియుగానిది కాదు. డ్రైనేజీ కాలువకీ, కరెంటు స్తంభం గుంతకీ ఇదే లెక్క. బావి విషయంలో ఇంకాస్త జాగ్రత్త కావాలి. బావిని తవ్విన కాలం ఒకటి, అది పాడుబడి పూడిపోయిన కాలం ఇంకొకటి, మధ్యలో వందేళ్లు గడిచి ఉండొచ్చు. అడుగున దొరికిన కుండపెంకు బావి వాడుకలో ఉన్నప్పుడు జారిపడిందో, పూడ్చేటప్పుడు చెత్తతో వచ్చిందో చూడకుండా "బావి ఫలానా కాలానిది" అని రాసేస్తే నాకు నిజంగా కోపం వస్తుంది. చౌరస్తాలో కొత్త కట్టడం మొదలయ్యాక మళ్లీ వెళ్లి సరిచూసుకునే వీలుండదు. మన నోటుబుక్కులో ఉన్నదే మిగులుతుంది.

అందుకే గొయ్యికి ఒక నంబరు, దాన్ని నింపిన మట్టికి మరో నంబరు. గొయ్యిలో మట్టి లేకపోయినా అది ఒక సంఘటన. పురావస్తు శాస్త్రవేత్త ఎడ్వర్డ్ హారిస్ 1973లో ఇంగ్లండ్‌లోని వించెస్టర్‌లో రూపొందించిన పట్టికకు, అంటే ఏది ముందో ఏది తర్వాతో నంబర్లను గీతలతో కలిపి చూపే బొమ్మకు, ప్రాణం ఇదే.

గొయ్యి ఏ కాలానిదో తెలియాలంటే అడుగు చూడకండి, అంచు ఎక్కడ మొదలైందో పైన చూడండి. గోడ మీద నీళ్లు స్ప్రే చేస్తే మట్టి రంగుల తేడా బాగా తెలుస్తుంది.

నేను పాటించే అడ్డదారి ఒకటుంది. మిగతా వేటినీ కదపకుండా ముందుగా ఏది తీసేయగలరు? మన బొమ్మలో 3 ఒక్కటే. అది తీశాక 2, తర్వాత 1, 4, 5, 6, 7. ఈ వరుసను తిరగేస్తే జవాబు వచ్చేస్తుంది. సాఫ్ట్‌వేర్ వద్దు, పెన్సిల్‌తోనే చేయండి.

సాధన: అదే బొమ్మకు ఇవి కలపండి. కాలిన పొర పైనుంచి దిగిన బావి 8, దాని పూడిక 9. ఈ రెండింటినీ రాళ్ల నేల కప్పింది. రాళ్లనూ, 3నూ కోసిన కేబుల్ కాలువ 10, దాని పూడిక 11. ఇంకో మూల రాళ్లను మాత్రమే కోసి, వేరే ఏ గొయ్యినీ తాకని చిన్న గుంత 12, దాని పూడిక 13. 3లో మనిషి ఎముకలు కూడా దొరికాయి. పదమూడింటినీ పట్టికగా గీయండి. ఆ ఎముకలు అక్కడికి ఎలా వచ్చాయో రెండు వాక్యాల్లో రాయండి. 12ను ఎక్కడ పెట్టాలో తెలియకపోతే బలవంతంగా ఇరికించకుండా పక్కన విడిగా గీసి, కారణం రాయండి.