ఐస్‌క్యూబ్ అలర్ట్ వచ్చిందా? ముందు ఈ లెక్క వేయండి

దక్షిణ ధ్రువం దగ్గర మంచులో 1,450 నుంచి 2,450 మీటర్ల లోతు మధ్య 5,160 కాంతి సెన్సర్లను దించి కట్టిన ఐస్‌క్యూబ్, సుదూర అంతరిక్షం నుంచి వచ్చిందనిపించే న్యూట్రినో (దేన్నైనా దాదాపు అడ్డు లేకుండా దాటిపోయే అతి సూక్ష్మ కణం) తగలగానే అలర్ట్ అనే కబురు పంపుతుంది. ఇలాంటి ఖగోళ కబుర్లను అందరికీ చేరవేసేందుకు నాసా నడిపే జీసీఎన్ సైట్లో దాన్ని ఎవరైనా చదవొచ్చు. ఆ అంకెల్ని వాడటంలోనే పొరపాట్లు జరుగుతాయి. ఐసీ-170922ఏ అలర్ట్‌ను ముందు పెట్టుకుని చూద్దాం.

పేరులోనే తేదీ ఉంది: 2017 సెప్టెంబర్ 22. అది యూటీసీ, అంటే ప్రపంచ ప్రామాణిక సమయం లెక్క. సమయం 20:54 కాబట్టి మన గడియారంలో అప్పటికే 23వ తేదీ తెల్లవారుజాము 2:24. పాత డేటా వెతికేటప్పుడు ఒక రోజు తేడా వచ్చేది ఇక్కడే.

మొదట వచ్చేది నోటీసు, కంప్యూటర్ దానంతట అదే పంపేది. ఈ అలర్ట్‌కు 43 సెకన్లలో వెళ్లింది. దిశను మళ్లీ లెక్కగట్టి సర్క్యులర్ ఇవ్వడానికి సుమారు నాలుగు గంటలు పట్టింది. లెక్కలు సర్క్యులర్ వచ్చాకే మొదలుపెట్టండి. ఒక్కోసారి అలర్ట్‌నే వెనక్కి తీసుకుంటారు. నోటీసులో స్థానం జే2000, ప్రస్తుత, 1950 అని మూడు రకాలుగా ఉంటుంది. 2000 సంవత్సరం నాటి ఆకాశ గీతల ప్రకారం ఇచ్చే జే2000నే తీసుకోండి, కేటలాగ్‌లు వాడేది అదే. భూమి అక్షం మెల్లగా తిరుగుతుండటంతో పాతికేళ్లలో 0.35 డిగ్రీ దాకా తేడా వస్తుంది. మనం వెతికే చిన్న చోటుకు అది తక్కువ తేడా కాదు!

సిగ్నల్‌నెస్ అంటే అది నిజంగా అంతరిక్షం నుంచి వచ్చిన న్యూట్రినో అయ్యే అవకాశం. అది 56.5 శాతం అంటే, మిగతా 43.5 శాతం మన వాతావరణంలోనే పుట్టిన సరుకు కావచ్చని. 290 టెరా ఎలక్ట్రాన్‌వోల్టుల శక్తి కూడా కొలిచింది కాదు. న్యూట్రినో ఢీకొన్నప్పుడు పుట్టిన మ్యూయాన్ అనే కణం, డిటెక్టర్ లోపల వదిలింది 24 దాకానే. న్యూట్రినోల స్పెక్ట్రం (ఏ శక్తి దగ్గర ఎన్ని ఉంటాయన్నది) ఫలానా విధంగా ఉంటుందని అనుకుని 290కి చేరారు. దాన్ని గట్టి కొలతగా గ్రాఫులో పెట్టకండి.

ఇక అసలు పని: న్యూట్రినో వచ్చిన చోటు ఆకాశంలో ఎంత వైశాల్యమో, అందులో ఊరికే ఎన్ని మూలాలు పడతాయో లెక్కగట్టడం. ఆర్‌ఏ, డెక్ అంటే ఆకాశంలో రేఖాంశం, అక్షాంశం లాంటివి, డిగ్రీల్లో. ఆర్‌ఏ 77.43 (+0.95, −0.65), డెక్ +5.72 (+0.50, −0.30), 90 శాతం హద్దులు. ఆర్‌ఏ రెండు వైపుల సగటు 0.80, డెక్‌ది 0.40. వైశాల్యం = 3.14 × 0.80 × కాస్(5.72°) × 0.40, అంటే దాదాపు 1 చదరపు డిగ్రీ. ఇందులో కాస్ (కొసైన్) వదిలేసినా ఇక్కడ బతికిపోతారు. డెక్ 60 దగ్గర వదిలేస్తే మాత్రం వైశాల్యం రెట్టింపు అవుతుంది.

గామా కిరణాలను చూసే ఫెర్మీ అంతరిక్ష టెలిస్కోప్ కేటలాగ్ 4ఎఫ్‌జీఎల్-డీఆర్4 కూర్పులో 7,194 మూలాలున్నాయి. ఆకాశం మొత్తం 41,253 చదరపు డిగ్రీలు. చదరపు డిగ్రీకి 0.17 చొప్పున, ఈ హద్దుల్లో ఊరికే ఒకటి పడే అవకాశం తక్కువే. అదే 8 చదరపు డిగ్రీల అలర్ట్ అయితే సగటున 1.4 మూలాలు ఏ సంబంధమూ లేకుండానే లోపల ఉంటాయి. అక్కడ బ్లేజార్ (మధ్యలోని కృష్ణబిలం నుంచి మన వైపే కిరణధార చిమ్మే గెలాక్సీ) దొరికిందని సంబరపడటంలో అర్థం లేదు. పాలపుంత పట్టీ మీద మూలాలు ఇంకా కిక్కిరిసి ఉంటాయి, అక్కడ స్థానికంగా లెక్కపెట్టుకోవాలి. కాస్కేడ్ రకం (పొడవాటి జాడ లేకుండా గుండ్రటి మెరుపులా కనిపించే) అలర్ట్‌లకు దిశ డిగ్రీల కొద్దీ అటూ ఇటూ అవుతుంది కాబట్టి వాటికి ఈ పద్ధతి పనికిరాదు.

లోపల మూలం దొరికితే, ఆ సమయంలో అది వెలిగిందా అని ఫెర్మీ లైట్ కర్వ్‌లో (కాలంతో వెలుగు మారే గ్రాఫు) చూడండి. టీఎక్స్‌ఎస్ 0506+056 అనే బ్లేజార్ మన అలర్ట్ కేంద్రానికి 0.1 డిగ్రీ దూరంలోనే ఉంది, అప్పుడు గామా కిరణాల్లో మండుతోంది కూడా. ఇన్ని కలిసొచ్చినా, ఎన్ని అలర్ట్‌లు, ఎన్ని మూలాలు తిరగేశామన్నది లెక్కలోకి తీసుకుంటే తేలింది 3 సిగ్మా, అంటే గట్టి సూచనే కానీ రుజువు కాదు. పాత న్యూట్రినో డేటా తవ్వితే, అదే దిశలో 2014-15లో నేపథ్యం కన్నా 13 దాకా ఎక్కువ ఘటనలు బయటపడ్డాయి. ఆ నెలల్లో గామా మంట మాత్రం లేదు. అందుకే గామా మంటలున్న రోజులకే వెతుకులాటను పరిమితం చేయకండి.