ప్రకృతి వరణం – మూడవ పాఠం: పత్తికాయలోని పురుగుతో ఒక లెక్క

మొదటి పాఠంలో ఒకే జాతి జీవుల మధ్య ఉండే వైవిధ్యాన్ని, రెండవ పాఠంలో ఆ వైవిధ్యం తల్లిదండ్రుల నుంచి పిల్లలకు సంక్రమించే తీరును చూశాం. ఈ పాఠంలో ఆ రెండింటినీ కలిపి, ఒక జనాభాలో ఒక జన్యువు వాటా ఒక తరం నుంచి మరో తరానికి ఎంత మారుతుందో చేత్తో లెక్క వేయడం నేర్చుకుందాం. కాగితం, కలం దగ్గర పెట్టుకోండి. కూడికలు, భాగహారాలు వస్తే చాలు. ఉదాహరణకు గులాబీ రంగు పురుగును ఎంచుకున్నాను. ఆదిలాబాదు నుంచి కర్నూలు దాకా పత్తి వేసే రైతులకు అది బాగా తెలిసిన శత్రువు. పైగా ప్రకృతి వరణం యుగాల తరబడి సాగితేనే తప్ప కనిపించదన్న అపోహను ఇంత స్పష్టంగా తొలగించే జీవి మన పొలాల్లో మరొకటి లేదని నా అభిప్రాయం.

ముందు పురుగును దగ్గరగా చూద్దాం. తల్లి రెక్కల పురుగు మొగ్గల మీద, లేత కాయల మీద గుడ్లు పెడుతుంది. గుడ్డులోంచి వచ్చిన పిల్ల పురుగు తెల్లగా, కంటికి ఆననంత చిన్నగా ఉంటుంది. అది మొగ్గలో చేరితే పూరేకులను తన దారంతో కలిపి అల్లేస్తుంది. అలా విచ్చుకోకుండా ముడుచుకుపోయిన పూలనే రైతులు గుడ్డి పూలు అంటారు. కాయలో చేరితే, అది లోపలికి వెళ్లిన రంధ్రం కాయ ఎదిగే కొద్దీ పూడుకుపోతుంది కనుక బయటి నుంచి చూసేవారికి కాయ నిక్షేపంగానే కనిపిస్తుంది. ఆ పచ్చికాయను కోసి అరలు విప్పితే మాత్రం పసుపు మరక పట్టిన దూది, దాని నడుమ గింజకు పడిన బెజ్జం, గింజలో పప్పు తింటున్న పురుగు బయటపడతాయి. ఈ పురుగు గింజను తింటుందని, పత్తి తప్ప దాదాపు మరే పంట మీదా బతకదని గుర్తుంచుకోండి. ఈ రెండు సంగతులతో ముందు ముందు పని ఉంది.

మన దేశంలో బీటీ పత్తికి 2002లో అనుమతి లభించింది. బాసిల్లస్ తురింజియెన్సిస్ అనే నేల బాక్టీరియా నుంచి తీసిన జన్యువు వల్ల ఆ మొక్క తన కణాల్లోనే ఒక విషపు ప్రోటీనును తయారు చేసుకుంటుంది. ఆ ప్రోటీను పురుగు పేగు గోడలోని కాడెరిన్ అనే మరో ప్రోటీనుకు అతుక్కుని, పేగు కణాలకు చిల్లులు పెట్టి, పురుగును చంపుతుంది. 2006లో రెండు విషపు జన్యువులున్న రకం వచ్చింది. అయితే 2010 నాటికే గుజరాత్‌లో గులాబీ రంగు పురుగు మొదటి విషాన్ని తట్టుకుంటున్నట్లు తేలింది. 2015 నాటికి అక్కడే రెండు జన్యువుల పత్తికాయల్లోనూ పురుగు కనిపించింది. ఆ తర్వాత మహారాష్ట్ర, తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లలోనూ అదే జరిగింది.

ఈ పరిణామాన్ని చెప్పేటప్పుడు చాలామంది వాడే మాట, "పురుగు మందుకు అలవాటు పడింది" అని. ఈ పాఠంలో మీరు వదిలించుకోవలసిన మాట ఇదే. ఏ ఒక్క పురుగూ విషానికి అలవాటు పడలేదు. తట్టుకోలేని పురుగు ఆకు కొరికినా, గింజ కొరికినా చచ్చిపోయింది. తట్టుకోగలిగినది పుట్టుకతోనే ఆ శక్తితో పుట్టింది. కాడెరిన్ జన్యువులో మార్పు వచ్చిన పురుగుల్లో విషం సరిగా అతుక్కోదు. అటువంటి మార్పులు అరుదుగానైనా పురుగుల జనాభాలో ఉంటూనే ఉంటాయి. విషం వాటిని పుట్టించదు, మిగిలినవాటిని తొలగిస్తుంది. మారింది పురుగు కాదు, పురుగుల జనాభాలో ఎవరి వాటా ఎంత అన్నది.

ఇక లెక్క. సౌలభ్యం కోసం మనమే కొన్ని అంకెలు అనుకుందాం. ఒక పొలంలో 10,000 పురుగులు ఉన్నాయి. ప్రతి పురుగుకూ కాడెరిన్ జన్యువు రెండు ప్రతులు, తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, ఉంటాయి కనుక మొత్తం 20,000 ప్రతులు. వాటిలో నూటికి ఒకటి, అంటే 200 ప్రతులు, తట్టుకునే రకం అనుకుందాం. తట్టుకునే గుణం అంతర్గతం కాబట్టి రెండు ప్రతులూ ఆ రకానివైతేనే పురుగు బతుకుతుంది. నూటిలో ఒకటిని నూటిలో ఒకటితో గుణిస్తే పదివేలలో ఒకటి. అంటే అటువంటి పురుగు ఒక్కటే. ఒక ప్రతి మాత్రమే ఉన్నవి 198. మిగిలిన 9,801 పురుగుల్లో తట్టుకునే రకం ప్రతి ఒక్కటీ లేదు. సరిచూసుకోండి: 198కి ఆ ఒక్క పురుగులోని రెండు ప్రతులు కలిపితే 200 వస్తుంది.

పొలమంతా బీటీ పత్తే అయితే బతికేది ఆ ఒక్కటే. దాని రెండు ప్రతులూ తట్టుకునేవే. ఒక్క తరంలో వాటా 1 శాతం నుంచి 100 శాతానికి చేరింది. ఒంటరి పురుగు జతకట్టేది ఎవరితోనని అడగవచ్చు. ఊళ్లో వంద పొలాలుంటే ప్రతి పొలంలోనూ అటువంటిది ఒకటి మిగులుతుంది, రెక్కల పురుగులు ఎగిరి ఒకదాన్నొకటి చేరుకుంటాయి.

ఇప్పుడు బీటీ పొలం పక్కన, మొత్తం విస్తీర్ణంలో అయిదో వంతు, నాన్ బీటీ పత్తి వేశామనుకుందాం. అందులో 2,500 పురుగులు, 5,000 ప్రతులు. నూటికి ఒకటి చొప్పున 50 తట్టుకునేవి. అక్కడ విషం లేదు కనుక అన్నీ బతుకుతాయి. రెండు పొలాల్లో మిగిలినవాటిని కలిపితే 5,002 ప్రతుల్లో 52 తట్టుకునేవి, అంటే 1.04 శాతం. పెరుగుదల దాదాపు లేనట్టే. బీటీ పొలంలో మిగిలిన ఒక్క పురుగు, పక్క పొలంలోని వేల పురుగుల్లో ఒకదానితో జతకడుతుంది. వాటి పిల్లలకు ఒక్క ప్రతే దక్కుతుంది కనుక బీటీ కాయ తింటే చచ్చిపోతాయి. విత్తన ప్యాకెట్‌తో పాటు 120 గ్రాముల నాన్ బీటీ విత్తనం ఇచ్చి, పొలం చుట్టూ అయిదు వరుసలు గానీ, 20 శాతం విస్తీర్ణం గానీ, ఏది ఎక్కువైతే అది వేయమన్నది ఈ లెక్కను నమ్మే. రెండు మూడెకరాల రైతు పురుగు మేత కోసం పంట వదులుకోలేకపోయాడు. అతన్ని తప్పుపట్టడానికి నాకు మనసొప్పదు. ఆ చిన్న సంచి ఎందుకిచ్చారో అర్థమయ్యేలా అతనికి చెప్పవలసినవారు చెప్పలేదు.

లెక్కలో ఇంకొక మెలిక ఉంది. మన దేశంలో బీటీ పత్తి ఎక్కువగా హైబ్రిడ్, అంటే రెండు వేర్వేరు రకాలను సంకరపరచి తీసినది. విషపు జన్యువు ఒక్క ప్రతి మాత్రమే ఉన్న హైబ్రిడ్ మొక్క కాయలో, రెండవ పాఠంలో చూసిన మెండెల్ నిష్పత్తి ప్రకారం, నాలుగింట ఒక గింజలో ఆ జన్యువు ఉండదు. గింజలు తినే పురుగుకు ఇది పెద్ద వెసులుబాటు. విషం లేని గింజ మీద కొంత ఎదిగాక పక్క గింజలోకి వెళ్లిన పురుగు, ఒక్క ప్రతితోనే గట్టెక్కే అవకాశం ఉంటుందని శాస్త్రజ్ఞులు భావిస్తున్నారు. అలా ఒక్క ప్రతి ఉన్న 198లో పదింట ఒకటి చొప్పున 20 బతికాయనుకుందాం. అప్పుడు తట్టుకునే ప్రతులు 2, 20, 50 కలిపి 72, మొత్తం ప్రతులు 5,042, వాటా 1.43 శాతం. ఇందాక 0.04 పెరిగిన చోట ఇప్పుడు 0.43 పెరిగింది. వేగం పది రెట్లు దాటింది. దీనికి తోడు ఫిబ్రవరి, మార్చి దాకా చేలో పత్తి నిలిపితే, పత్తి మీదే బతికే ఈ పురుగుకు మేత దొరికి అదనపు తరాలు నడుస్తాయి.

అమెరికాలోని అరిజోనాలో బీటీ పత్తి 1996లోనే మొదలైంది. అక్కడి రైతులు నాన్ బీటీ పత్తిని విధిగా వేశారు. పదేళ్లు దాటినా ఇదే పురుగులో తట్టుకునే వాటా పెరగలేదు. 2006 నుంచి సంతానశక్తి లేకుండా చేసిన రెక్కల పురుగులను కూడా కోట్ల సంఖ్యలో వదిలారు. 2018లో తమ పత్తి ప్రాంతాల్లో ఈ పురుగు నిర్మూలన అయిందని అమెరికా ప్రకటించింది. అదే జాతి పురుగు, అదే విషం.

అభ్యాసం: బీటీ పొలంలో 10,000 పురుగులు, నాన్ బీటీలో 500 మాత్రమే ఉన్నాయనుకుని, నాన్ బీటీ పొలాన్ని కలిపి వేసిన పై రెండు లెక్కలూ (ఒక్క ప్రతి ఉన్నవన్నీ చచ్చిపోయినది, వాటిలో 20 బతికినది) మళ్లీ చేయండి. 1.2 శాతం, 3.07 శాతం వస్తే సరిగా చేసినట్లే. ఆ తర్వాత రెండవ లెక్కలో వచ్చిన వాటాను 3 శాతంగా సవరించుకుని, పురుగుల సంఖ్య మళ్లీ అంతే ఉందనుకుని, తర్వాతి తరం వేయండి. ఈసారి రెండు ప్రతులూ ఉన్నవి 9, ఒక్క ప్రతి ఉన్నవి 582 అవుతాయి. వాటిలో పదింట ఒకటి, అంటే 58, బతుకుతాయి. వాటా 9.35 శాతానికి చేరుతుంది. ఒక పంటకాలంలో ఈ పురుగుకు నాలుగైదు తరాలు నడుస్తాయి. మిగిలిన తరాలను మీ కాగితం మీద పూర్తిచేయండి.