రెండు పికప్‌ల బేస్ గిటార్‌కి వైరింగ్ మార్చే ముందు

సాల్డరింగ్ ఐరన్ ప్లగ్‌లో పెట్టేదానికి ముందు పాత వైరింగ్‌ని నాలుగు పక్కల నుంచి ఫోటో తీసి పెట్టుకోండప్పా, నేను తీయకుండా విప్పేసి తిరుపతి రూమ్‌లో ఒక రాత్రంతా ఏ వైరు యాడిదో తెలీక కూర్చున్నా.

పికప్‌లు, అంటే తీగల కదలికని కరెంటు సిగ్నల్‌గా మార్చేవి, ఏ రకమో చూడండి. సింగిల్ కాయిల్‌కి (ఒకే తీగచుట్ట ఉండేదానికి) మామూలుగా 250కె (కిలో ఓమ్‌ల) పాట్‌లు, అంటే నాబ్ కింద తిరిగే రెసిస్టర్లు, హంబకర్‌కి (రెండు చుట్టలదానికి) ఎక్కువమంది 500కె వేస్తారు, బ్యాటరీతో నడిచే యాక్టివ్ వాటికి 25కె. ఒకటి యాక్టివ్ ఇంకోటి ప్యాసివ్ (బ్యాటరీ లేనిది) అయితే ఉత్త వాల్యూమ్ పాట్‌లతో బ్యాలెన్స్ కుదరదు, ఆ జోలికి పోవద్దు.

అసలు తలనొప్పి ఇక్కడే. ఫెండర్ జాజ్ బేస్‌లో లాగా రెండు వాల్యూమ్‌లు ఒక టోన్ కావాలంటే పికప్ వైరు పాట్ మధ్య కాలికి, అవుట్‌పుట్ పక్క కాలికి పోవాల, తిరగేసి వేశారంటే ఒక వాల్యూమ్ సున్నా చేయగానే రెండో పికప్ కూడా చచ్చిపోతుంది. స్టేజి మీద సౌండ్ మొత్తం ఒకే నాబ్‌తో తగ్గించాలనుకుంటే వాల్యూమ్, బ్లెండ్ (ఏ పికప్ ఎంత వినపడాలో కలిపేది), టోన్ మేలు, కాకపోతే బ్లెండ్‌కి వేరే పాట్ కొనాల. టోన్‌కి 0.047 మైక్రోఫారడ్ కెపాసిటర్ చాలు, ఖరీదైనవి ఎందుకు చెప్పండి?

రెండూ ఫుల్ పెట్టినప్పుడు సౌండ్ సన్నగా, దమ్ము లేకుండా వస్తే ఫేజ్ తిరగబడిందని, అంటే రెండు పికప్‌ల సిగ్నల్ ఒకదానికొకటి ఎదురు పోతోందని అర్థం, ఒక పికప్ వైర్లు రెండూ అటుదిటు మార్చండి.

బ్రిడ్జి కింద గ్రౌండ్ వైరు మర్చిపోవద్దు, గుయ్‌మంటుంది.

పాట్ మెడ మందం, బాడీ రంధ్రం కొలుచుకున్నాకే ఎలక్ట్రానిక్స్ సామాన్లు దొరికే చెన్నై రిచీ స్ట్రీట్‌కి బస్సెక్కండి.