ప్రోస్టేట్ పెరిగిందన్నారా? గ్రాముల కంటే ముందు చూడాల్సిన లెక్కలు

స్కానింగ్ కాగితంలో ‘ప్రోస్టేట్ 52 గ్రాములు’ అన్న ముక్క చూడగానే ఇంట్లోవాళ్లకి కాళ్లూ చేతులూ ఆడవు. మగవాళ్లలో మూత్రాశయం కింద, మూత్రనాళం చుట్టూ ఉండే ఈ గ్రంథి పడుచు వయసులో 20 గ్రాముల దగ్గర ఉండి, 40 ఏళ్లు దాటాక చాలామందిలో మెల్లగా పెరుగుతూనే పోతుంది. 52 గ్రాములున్న పెద్దాయన హాయిగా తిరుగుతుంటాడు, 28 గ్రాములున్న మరొకాయనకి ఒంటికి ఆగిపోయి పైపు వేయాల్సి వస్తుంది. గ్రంథి బయటివైపుకి పెరిగితే మూత్రనాళానికి అడ్డు తక్కువ. లోపలికి పెరిగినా, మధ్య తమ్మె మూత్రాశయంలోకి పొడుచుకొచ్చినా కొద్దిపాటి కండే దారి మూసేస్తుంది. ఏ మందు వాడాలి, ఏ ఆపరేషన్ నప్పుతుంది అని ఎంచుకోవడానికి గ్రాములు పనికొస్తాయి. అసలు వైద్యం కావాలా అన్నది తేల్చేవి వేరే లెక్కలు. ఈ పెరుగుదల క్యాన్సర్ కాదు, ముదిరి క్యాన్సర్‌గా మారదు కూడా. రెండూ ఒకే మనిషిలో విడివిడిగా ఉండవచ్చు కాబట్టే పీఎస్‌ఏ అనే రక్తపరీక్ష రాస్తారు.

ముందుగా మార్కులు వేసుకోండి

గడిచిన నెల రోజుల్ని గుర్తు చేసుకుని ఏడు ప్రశ్నలకు జవాబు రాయండి. పోశాక ఇంకా మిగిలిందనిపిస్తోందా? రెండు గంటలు తిరక్కుండానే మళ్లీ వెళ్లాల్సి వస్తోందా? ధార ఆగి ఆగి వస్తోందా? వస్తోందనిపించాక ఆపుకోవడం కష్టమవుతోందా? ధార సన్నబడిందా? మొదలుపెట్టడానికి ముక్కాల్సి వస్తోందా? రాత్రి పడుకున్నాక ఎన్నిసార్లు లేస్తున్నారు? మొదటి ఆరింటికి ‘అసలు లేదు’ అయితే 0, ‘దాదాపు ప్రతిసారీ’ అయితే 5. ఏడోదానికి లేచిన సంఖ్యే మార్కు, 5కి మించి వేయొద్దు. మొత్తం 35కి 7 లోపైతే స్వల్పం, 8 నుంచి 19 మధ్యస్థం, 20 నుంచి తీవ్రం. యూరాలజిస్టులు ఐపీఎస్‌ఎస్ అనేది దీన్నే.

ఎనిమిదో ప్రశ్న విడిగా ఉంటుంది: ఇక మీదట జీవితమంతా ఇలాగే ఉంటే మీకు ఎలా ఉంటుంది? మా దృష్టిలో అన్నిటికంటే బరువైన ప్రశ్న ఇదే. అవే 12 మార్కులు దూరప్రాంతాల బస్సు నడిపే డ్రైవరుకి నరకం, బాత్రూమ్ పక్కనే ఉన్న గదిలో పడుకునే రిటైర్డ్ మాస్టారికి పెద్ద లెక్కలోది కాదు. మార్కులు 7 లోపు ఉండి, బాధ లేకపోతే మాత్ర అక్కర్లేదు. ఏడాదికోసారి చూపించుకుంటే చాలు.

మూడు రోజులు కొలిచి రాయండి

డాక్టరు దగ్గరికి వెళ్లే ముందు ఈ పని చేస్తే సగం ప్రశ్నలు అక్కడే తేలిపోతాయి. పాత ప్లాస్టిక్ మగ్గు ఒకటి తీసుకుని, పిల్లల పాలసీసాతో నీళ్లు కొలిచి పోస్తూ 100, 200, 300 మిల్లీలీటర్ల దగ్గర మార్కర్‌తో గీతలు పెట్టండి. మూడు రోజులపాటు ఒంటికి వెళ్లిన ప్రతిసారీ టైము, ఎంత వచ్చిందో రాయండి. ఏం తాగారో, ఎంత తాగారో కూడా పక్కనే రాయండి.

ఒకాయన లెక్క ఇలా ఉందనుకోండి: పగలంతా కలిపి 1,050 మిల్లీలీటర్లు. రాత్రి మూడుసార్లు లేస్తే 250, 200, 200. తెల్లారి లేవగానే 200. నిద్రలో తయారైంది కాబట్టి తెల్లారిది కూడా రాత్రి ఖాతాలోనే వేయాలి. అంటే రాత్రిది 850, రోజు మొత్తం 1,900. పెద్ద వయసువాళ్లలో రాత్రి వాటా మూడో వంతు దాటితే, తప్పు ప్రోస్టేట్ ఒక్కదానిదే కాదు, రాత్రిపూట మూత్రమే ఎక్కువ తయారవుతోందన్నమాట. ఇలాంటివాళ్లకి ప్రోస్టేట్ మాత్ర ఇచ్చి, ‘పని చేయడం లేదు’ అని మార్చి మార్చి ఇస్తూ పోవడం తరచూ జరిగే పొరపాటు. చూడాల్సింది కాళ్ల వాపు, షుగరు, గుండె, గురకపెట్టి నిద్రలో ఊపిరి ఆగే జబ్బు, రాత్రి భోజనంలో ఉప్పు. బీపీకి వాడే ఆమ్లోడిపిన్‌తో కొందరికి పాదాలు వాస్తాయి. పగలు కాళ్లలోకి దిగిన ఆ నీరే పడుకోగానే రక్తంలోకి ఎక్కి మూత్రమవుతుంది. సాయంత్రం ఓ గంట కాళ్లు ఎత్తుగా పెట్టుకుని పడుకుంటే అది పడకవేళకి ముందే బయటికి పోతుంది. నీరు తీసే మాత్ర వాడుతుంటే, దాన్ని పడుకునే వేళకి ఆరు గంటల ముందుకి జరపవచ్చేమో మీ డాక్టరుని అడగండి.

అలా కాక ప్రతిసారీ 60, 80 మాత్రమే వస్తూ పదిహేనుసార్లు తిరుగుతుంటే కథ వేరు. మూత్రాశయం సరిగా ఖాళీ కావడం లేదో, పట్టి ఉంచలేకపోతోందో తేల్చాలి.

స్కానింగ్ దగ్గర జరిగే తప్పు

ఒంటికి పోసొచ్చాక లోపల ఎంత మిగిలిందో స్కాన్‌లో చూస్తారు. 50 మిల్లీలీటర్ల లోపైతే నిశ్చింత. 300 దాటి అలాగే ఉంటుంటే తేలిగ్గా తీసుకోకూడదు. చాలా సెంటర్లలో లీటరున్నర నీళ్లు తాగించి, కడుపు పగిలేదాకా కూర్చోబెడతారు. అంత నిండిన మూత్రాశయం ఒక్కసారిగా ఖాళీ కాదు, మిగులు లేనిపోని 200 అని పడుతుంది. మామూలుగా ఒంటికి వచ్చేంత నిండగానే చెప్పండి. మిగులు ఎక్కువొస్తే మరోసారి వెళ్లొచ్చి మళ్లీ చూడమని అడగండి. ధార వేగం కొలిచే యూరోఫ్లో పరీక్షలోనూ కనీసం 150 మిల్లీలీటర్లు పోస్తేనే లెక్క నమ్మదగింది. సెకనుకి 15 మిల్లీలీటర్లు దాటితే మంచి ధార. 10కి తగ్గితే దారిలో అడ్డమైనా ఉండాలి, మూత్రాశయం కండరం నీరసించి అయినా ఉండాలి. ఏళ్ల తరబడి షుగరు ఉన్నవాళ్లలో ఈ రెండోది బాగా కనిపిస్తుంది, వాళ్లకి ఆపరేషన్ చేసినా ధార రాకపోవచ్చు. అనుమానం ఉంటే ఆపరేషన్‌కి ముందే, మూత్రాశయం లోపలి ఒత్తిడి కొలిచే యూరోడైనమిక్ పరీక్ష అడగాలి.

మూత్రంలో ఇన్ఫెక్షన్ ఉన్నప్పుడు, పైపు వేసినప్పుడు పీఎస్‌ఏ దానంతటదే పెరుగుతుంది. నయమయ్యాక ఆరు వారాలు ఆగి చేయించండి.

ఒక్క లక్షణం మాత్రం ఇంట్లోవాళ్లు ప్రత్యేకంగా గమనించాలి. పెద్దాయన రాత్రి పక్క తడుపుతుంటే వయసు మీద పడిందని ఊరుకోకండి. నొప్పి లేకుండానే మూత్రాశయం నిండి పొంగిపొర్లుతోందనడానికి అది గుర్తు కావచ్చు, కిడ్నీలు చప్పుడు లేకుండా దెబ్బతింటుంటాయి. ఆ వారంలోనే స్కాన్, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ రక్తపరీక్ష చేయించాలి.

మాత్రలు లేకుండా సర్దుకునేవి

రోజుకి లీటరున్నర నుంచి రెండు లీటర్లు తాగాలి. ఎండల్లో పనిచేసేవాళ్లకి ఇంకా కావాలి. ఒంటికి వస్తుందని భయపడి మానేస్తే మూత్రం చిక్కబడి మంట, రాళ్లు, ఇన్ఫెక్షన్. తాగే వేళ మార్చుకోండి: ఎక్కువ భాగం సాయంత్రం లోపే, పడుకోవడానికి రెండు గంటల ముందు నుంచి గుక్కెడుతో సరి. రాత్రి అన్నంలోకి పోసుకునే పల్చటి మజ్జిగ, చారు కూడా నీళ్ల ఖాతాలోవే. సాయంత్రం టీ, కాఫీ, మద్యం ఆపి చూడండి. మలబద్ధకం వదిలించుకోండి, నిండిన పేగు మూత్రాశయాన్ని నొక్కుతుంది.

ఒంటికి పోశాక వెంటనే లేవకండి. అరనిమిషం ఊపిరి వదులుతూ కూర్చుని, ముక్కకుండా మళ్లీ ప్రయత్నిస్తే మిగిలింది కొంత వస్తుంది. బట్ట మీద చుక్కలు పడుతుంటే, పోశాక వృషణాల సంచి వెనుక వేలితో నొక్కుతూ ముందుకి తెచ్చి నాళంలో నిలిచింది దింపేయండి. రాత్రివేళ కూర్చునే పోయండి, నిద్రమత్తులో నిలబడి కళ్లు తిరిగి పడి తుంటి విరగ్గొట్టుకునేవాళ్లున్నారు.

జలుబు మాత్రలతో జాగ్రత్త. ఫినైలెఫ్రిన్, క్లోర్‌ఫెనిరమైన్ కలిసినవి దుకాణంలో అడగ్గానే ఇచ్చేస్తారు. మొదటిది మూత్రాశయం మెడను బిగిస్తుంది, రెండోది కండరాన్ని మందగింపజేస్తుంది. రాత్రి వేసుకుంటే తెల్లారేసరికి చుక్క రాక ఆసుపత్రికి పరుగెత్తే పరిస్థితి దీంతో రావచ్చు.

ప్రోస్టేట్‌కని అమ్మే సా పామెట్టో అనే మూలికా గుళికల్ని పెద్ద పరీక్షల్లో ఉత్తుత్తి మాత్రతో పోల్చి చూస్తే తేడా కనబడలేదు. పల్లేరు కషాయం తాగేవాళ్లు కనీసం మిగులు మూత్రం పెరుగుతోందేమో స్కాన్‌లో చూసుకుంటూ ఉండాలి.

మాత్రలు: ఏది ఎవరికి

టామ్సులోసిన్ 0.4 మిల్లీగ్రాములు, సిలోడోసిన్ 8, ఆల్ఫుజోసిన్ 10: ఇవి బిగిసిన కండరాన్ని వదులు చేస్తాయి, గ్రంథిని తగ్గించవు. కొన్ని రోజుల నుంచి రెండు వారాల్లో తేడా తెలుస్తుంది. ఖాళీ కడుపున వద్దు, రోజూ ఒకే పూట భోజనం తర్వాత వేసుకోవాలి. మొదటి రోజుల్లో బీపీ పడి కళ్లు తిరగవచ్చు, మంచం అంచున ఓ నిమిషం కూర్చుని లేవండి. వీర్యం బయటికి రాకపోవడం సిలోడోసిన్‌తో ఎక్కువ, హాని లేదు, మాత్ర ఆపితే సర్దుకుంటుంది. కంటి శుక్లం ఆపరేషన్ ఉంటే ఈ మూడింటిలో ఏదైనా వాడుతున్నట్టు, ఎప్పుడో వాడి ఆపేసినా సరే, కంటి డాక్టరుకి తప్పక చెప్పాలి. ఈ మందుల వల్ల కనుపాప సరిగా విచ్చుకోక ఆపరేషన్ కష్టమవుతుంది. ముందే తెలిస్తే వాళ్లు తగిన ఏర్పాటు చేసుకుంటారు. శుక్లం ఆపరేషన్ దగ్గర్లోనే ఉంటే అది అయ్యాకే మాత్ర మొదలుపెట్టడం మంచిది.

గ్రంథి 30, 40 గ్రాములు దాటినవాళ్లకి ఫినాస్టరైడ్ 5 లేదా డ్యూటాస్టరైడ్ 0.5 కలుపుతారు. ఇవి గ్రంథిని పావు వంతు దాకా కుదిస్తాయి, కానీ ఆరు నెలలు ఓపిక పట్టాలి. నెలకే పని చేయలేదని మానేస్తే డబ్బూ కాలమూ దండగ. కొందరికి కోరిక, అంగస్తంభన తగ్గుతాయి. ఇవి పీఎస్‌ఏని సగానికి దించేస్తాయి. ఏడాదిగా వాడుతున్నాయన రిపోర్టులో 3 వస్తే అసలు విలువ 6 కింద లెక్క, ల్యాబ్ కాగితం మాత్రం ‘నార్మల్’ అంటుంది. డ్యూటాస్టరైడ్ ఆపిన ఆరు నెలల దాకా రక్తదానం చేయకూడదు. చితికిన మాత్రల్ని గర్భిణులు ముట్టుకోకూడదు.

స్తంభన ఇబ్బంది కూడా ఉంటే టడలాఫిల్ 5 రోజూ ఇస్తారు. గుండెకి సార్బిట్రేట్ లాంటి నైట్రేట్ మాత్ర వాడేవాళ్లకి అది ప్రాణాంతకం.

ఆపరేషన్ ఎప్పుడు, ఏది

పైపు తీశాక మళ్లీ మళ్లీ ఆగిపోవడం, మూత్రాశయంలో రాళ్లు, తిరగబెట్టే ఇన్ఫెక్షన్, మందులకి ఆగని రక్తం, కిడ్నీలు ఉబ్బడం: వీటిలో ఏది ఉన్నా వాయిదా వేయకూడదు. సాగదీస్తే మూత్రాశయం కండరం చచ్చుబడుతుంది, తర్వాత దారి తెరిచినా నెట్టే శక్తి ఉండదు. ఒక్కసారి ఆగిపోయినంత మాత్రాన ఆపరేషన్ తప్పదనుకోవద్దు. పైపు ఉండగానే టామ్సులోసిన్ లాంటిది రెండు మూడు రోజులు వాడి పైపు తీసి చూస్తారు, చాలామందికి ధార వస్తుంది.

30 నుంచి 80 గ్రాములకి టీయూఆర్‌పీ ఎన్నో ఏళ్లుగా నిలబడ్డ పద్ధతి. నడుముకి మత్తు ఇచ్చి నాళంలోంచే గ్రంథిని లోపలినుంచి చెక్కి తీస్తారు, పైపు రెండు మూడు రోజులు. సెలైన్‌తో చేసే బైపోలార్ పద్ధతి ఉందేమో అడగండి. పాత పద్ధతిలో కడిగే గ్లైసిన్ ద్రవం రక్తంలోకి చేరి సోడియం పడిపోయే ప్రమాదం ఇందులో ఉండదు. 80 దాటితే లేజర్‌తో గ్రంథి లోపలి భాగాన్ని ఒలిచి తీసే హోలెప్ మేలు, పరిమాణంతో పని లేదు, పైపు తరచూ ఒకటి రెండు రోజుల్లోనే తీస్తారు. అయితే నేర్చుకోవడానికి చాలాకాలం పట్టే పని, సర్జన్ ఇప్పటిదాకా ఎన్ని చేశారో అడగడంలో మొహమాటం వద్దు. రెండింటిలోనూ చాలామందికి ఆ తర్వాత వీర్యం వెనక్కి, మూత్రాశయంలోకి పోతుంది. అది ముఖ్యమనుకునేవాళ్లకి యూరోలిఫ్ట్, రెజూమ్ అనే చిన్న పద్ధతులు ఉన్నాయి. వాటితో ధార అంత బలంగా రాదు, కొందరికి మళ్లీ వైద్యం అవసరమవుతుంది.

గుండెలో స్టెంటు ఉన్నవాళ్లు రక్తాన్ని పల్చబరిచే క్లోపిడోగ్రెల్ మాత్ర సొంతంగా ఆపకండి, గుండె డాక్టరు రాసిచ్చాకే ఆపాలి. ఆరోగ్యశ్రీ పరిధిలోని ఆసుపత్రుల్లో ఆరోగ్యమిత్రని కలిసి ఏ పద్ధతికి వర్తిస్తుందో ముందే తెలుసుకోండి. 70 ఏళ్లు నిండినవాళ్లకి ఆదాయంతో పని లేని ఆయుష్మాన్ వయ వందన కార్డు ఉంది.

ఇంటికొచ్చాక నాలుగు నుంచి ఆరు వారాలు బిందెలు మోయడం, స్కూటరు, సైకిలు, ముక్కడం వద్దు. పైపుతో పంపితే మూత్రం పట్టే బ్యాగు ఎప్పుడూ నడుము కంటే కిందే ఉండాలి, నేలకి తగలకూడదు. 10 నుంచి 14 రోజుల మధ్య లోపలి పెచ్చు ఊడి మూత్రం మళ్లీ ఎర్రగా రావచ్చు, నీళ్లు ఎక్కువ తాగితే తేటపడుతుంది. గడ్డలు కడుతున్నా, చుక్క ఆగిపోయినా, చలిజ్వరం వచ్చినా ఆ రాత్రే వెళ్లాలి. తీసిన ముక్కల బయాప్సీ రిపోర్టు అడిగి దాచుకోండి. తీసింది లోపలి భాగమే కాబట్టి బయటి పొర ఇంకా మీ ఒంట్లోనే ఉంటుంది, క్యాన్సర్ మీద కన్ను వేసి ఉంచాల్సిందే. ఆ తర్వాత పీఎస్‌ఏ ఎన్నాళ్లకోసారి చేయించాలో డిశ్చార్జి కాగితం మీదే రాయించుకోండి.